బాపుకు చెవి మిషన్ కొనే పరిస్థితి లేదు, తక్కువ ఖర్చులో ఇంకేం చేయొచ్చు?

పరకాల_మిర్చిచేను · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా బాపుకు 67 ఏళ్లు. నాలుగేళ్ల నుంచి వినికిడి తగ్గుకుంటూ వస్తోంది, వయసు కదా అని మేమూ ఊరుకున్నాం. మొన్న ఫిబ్రవరిలో మిర్చి తీసుకుని మార్కెట్‌కు పోయినప్పుడు నేను వెంట లేను. ఖరీదుదారు చెప్పింది పదమూడు వేలు, బాపుకు వినబడింది పదహారు వేలు. సరే అని తల ఊపాడు. కాంటా అయి తక్‌పట్టి (తూకం, ధర రాసిచ్చే చీటీ) చేతికి వచ్చినాక చూసుకున్నాడు. ఎవరితోనూ గొడవ పడలేదు. ఇంటికి వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అప్పటినుంచి సాయంత్రం అరుగు మీదికి పోవడం కూడా మానేశాడు, పోతే ఎవరో ఏదో అంటారు, అందరూ నవ్వుతారు, తను ఎందుకు నవ్వుతున్నారో తెలియక కూర్చోవాలి.

వరంగల్‌లో ఒక మిషన్ల షాపుకు తీసుకుపోతే ఒక చెవికి 38 వేలు, రెండింటికీ కలిపి 70 దాకా అన్నారు. ఈ ఏడు పంట మీద అంత తీయలేను. ఆన్‌లైన్‌లో 900 పెట్టి ఒక చిన్న మిషన్ తెప్పించా, కుయ్యిమని ఒకటే విజిల్, బాపు రెండో రోజే తీసి అల్మారాలో పెట్టాడు. మిషన్ లేకుండా ఏమైనా చేయొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, చదివి ఊరుకోకండి.

సుబేదారి_నర్సమ్మ · ఆదివారం రాత్రి 10:15

తమ్ముడూ, ముందు ఒక్క ప్రశ్న. ఆయన చెవిలోకి లైటు వేసి ఎవరైనా చూశారా? ఇప్పటిదాకా చెప్పినదాంట్లో డాక్టర్ మాటే లేదు, షాపు మాటే ఉంది.

పరకాల_మిర్చిచేను · ఆదివారం రాత్రి 10:22

లేదక్కా. షాపులో హెడ్‌ఫోన్ పెట్టి కూత వినబడితే చెయ్యి ఎత్తమన్నారు, పది నిమిషాల్లో అయిపోయింది. చెవి లోపల చూడలేదు.

సుబేదారి_నర్సమ్మ · ఆదివారం రాత్రి 10:50

అయితే మిగతా సలహాలన్నీ తర్వాత, ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించు. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో ఓపీ ఉంటుంది, ఆధార్ పట్టుకుని పొద్దున్నే పోతే చాలు. నేను వార్డులో పనిచేసినప్పుడు ఒక అవ్వ వచ్చింది, ఇంట్లోవాళ్లు రెండేళ్ల నుంచి చెవిటిది అనుకుంటున్నారు. రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి నల్లగా బిరడా బిగించినట్టుంది. మెత్తబడే చుక్కలు ఐదు రోజులు వేయించి, ఆరో రోజు డాక్టర్ తీసేస్తే ఆమె చేసిన మొదటి పని ఏంటో తెలుసా, తలకాయ పైకెత్తి ఫ్యాన్ వైపు చూసింది. దానికి చప్పుడు ఉంటుందని మరిచిపోయిందట. అందరికీ ఇట్లా అవుతుందని చెప్పను, కానీ చూడకుండా 70 వేల దాకా పోవడం తప్పు.

పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్‌బడ్ ఏదీ లోపలికి పెట్టొద్దు, అవి గులిమిని ఇంకా లోపలికే నెడతాయి. కాచిన నూనె పోయడం మన ఊళ్లలో అలవాటు, అదీ వద్దు. చెవి కారుతున్నా, ఎప్పుడైనా కారిందన్నా కర్ణభేరికి రంధ్రం ఉండొచ్చు, అలాంటప్పుడు డాక్టర్ చూడకుండా చుక్కలు కూడా వేయకూడదు. పాతకాలంలో టీబీకి సూదులు వేయించుకున్నాడేమో కూడా అడుగు, స్ట్రెప్టోమైసిన్ లాంటి కొన్ని సూదిమందులతో వినికిడి దెబ్బతింటుంది. షుగర్ ఉంటే అదీ చెప్పు.

ఇంకోటి, ఇది అందరికీ. నిన్న మంచిగా ఉండి ఈరోజు పొద్దున లేచేసరికి ఒక చెవి పూర్తిగా మూసుకుపోయినట్టుంటే జలుబు అని వారం ఆగొద్దు. అది ఎమర్జెన్సీ. రెండు మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, వారాలు గడిస్తే ఆ అవకాశం పోతుంది.

మందమర్రి_రిటైర్డ్ · సోమవారం ఉదయం 6:30

పరకాల తమ్ముడూ, మీ బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడన్న మాట చదివి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను సింగరేణిలో 31 ఏళ్లు చేశాను, ఎక్కువ భాగం బొగ్గు బాయిలో డ్రిల్లు మిషన్ పక్కనే. రెండు చెవులూ పోయాయి. ఎనిమిదేళ్ల నుంచి ఈ బాధతో బతుకుతున్నా కాబట్టి నాకు తెలిసింది రాస్తాను, పెద్దగా అయితే ఓపిగ్గా చదువు.

నాకు వినబడుతుంది, అర్థం కాదు. ఈ ఒక్క మాట ఇంట్లోవాళ్ల చెవికెక్కించడానికి ఆరేళ్లు పట్టింది. చప్పుడు దెబ్బకైనా వయసుకైనా ముందు పోయేది పై స్థాయి సన్నని ధ్వనులు. మన మాటల్లో అచ్చులు గట్టిగా, లావుగా ఉంటాయి, అవి నాకు అందుతాయి. స, శ, చ, త, క లాంటివి సన్నగా, మెల్లగా ఉంటాయి, అవి రాలిపోతాయి. నా మనవరాలు ‘తాతా, సంచి తీసుకో’ అంటే నాకు ‘ఆఆ, అంఇ’ అని ఏదో గొణుగుడు లాగా వస్తుంది. అప్పుడు పిల్ల అరుస్తుంది. అరిచినప్పుడు పెరిగేది అచ్చులే, హల్లులు ఎక్కడివక్కడే ఉంటాయి, పైగా మొహం కోపంగా కనబడుతుంది. ఆ మొహం చూసి మనసు ముడుచుకుపోతుంది. మీ బాపుకు పదమూడు పదహారయింది కూడా ఇట్లాగే అయి ఉంటుంది, ముందు ‘పద’ ఒకటే, చివరి రెండక్షరాలు జారాయి.

ఇక పెదాలు చూసి అర్థం చేసుకోవడం. చెవి తగ్గినవాళ్లందరం తెలియకుండానే చేస్తాం, మీ బాపూ చేస్తూనే ఉంటాడు. అద్దం ముందు నిలబడి గొంతు పెగల్చకుండా పాట, బాట, మాట అని పలికి చూడు. మూడూ ఒకటే కనబడతాయి. కల, గల కూడా అంతే. అందుకే ఒక మాట అందకపోతే అదే మాటను పదిసార్లు తిప్పి తిప్పి అరవడం దండగ, ఇంకో మాట తగిలించి చెప్పాలి. ‘పాట’ అందలేదా, ‘రేడియోలో పాట వస్తోంది’ అనాలి. ‘పదమూడు’ అందలేదా, ‘పది, మూడు’ అని వేళ్లతో చూపించాలి.

మా ఇంట్లో ఇప్పుడు జరిగేది చెప్తాను. వెనకనుంచి మాట మొదలుపెట్టరు, ముందు భుజం తడతారు లేదా పేరు పెట్టి పిలిచి నేను తిరిగేదాకా ఆగుతారు. వంటింట్లోంచి హాల్లోకి కేకలు బంద్. మాట్లాడేవాళ్ల మొహం మీద వెలుతురు పడాలి, వాళ్లు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మొహం నల్లగా కనబడి పెదాలు తెలియవు, అందుకే కిటికీకి నా వీపు ఉండేలా నా కుర్చీ వేశాం, వెలుతురు నా వెనకనుంచి వచ్చి ఎదుటివాళ్ల మీద పడుతుంది. మాట్లాడేటప్పుడు టీవీ ఆపేస్తారు. మామూలు గొంతుతో కొంచెం నిదానంగా, మూడు నాలుగు అడుగుల దూరంలో. వీటికి పైసా ఖర్చు లేదు.

అన్నిటికంటే ముందు మానాల్సింది ఒకటుంది. ‘ఏమన్నారు’ అని అడిగితే ‘ఏం లేదులే’ అనే మాట. చిన్న సంగతే కావచ్చు, పిల్లి పాలు తాగిందన్న ముచ్చటే కావచ్చు, కానీ ‘ఏం లేదులే’ అని పది రోజులు వింటే పదకొండో రోజు మనిషి అడగడం మానేస్తాడు.

కాకతీయ_కాలనీ · సోమవారం ఉదయం 8:05

కాక, మీ పోస్టు మా ఇంటి గ్రూపులో పెట్టాను. మా అమ్మకు ఇదే పరిస్థితి.

హన్మకొండ_కోడలు · సోమవారం మధ్యాహ్నం 1:20

మా మామయ్యకు 72. మాకు పనికొచ్చింది ఫోన్. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఉంటుంది, 2019లో వచ్చింది, ఉచితం. భాష తెలుగు పెట్టుకోవచ్చు. మనం మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలు పడుతుంటాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద చూడండి, లేకపోతే ప్లేస్టోర్‌లో ఉంటుంది. అక్షరాల సైజు పెద్దది పెట్టి, ఫోన్ ఆయన ముందు కాకుండా మాట్లాడేవాళ్ల దగ్గర పెట్టాలి, మైకు నోటికి దగ్గరగా ఉంటేనే సరిగ్గా రాస్తుంది.

తప్పులు పడతాయి. మా అత్తమ్మ ‘గా ముచ్చట గట్లనే ఉన్నది’ అంటే ఏదేదో రాస్తుంది, మా ఆయన కొంచెం పుస్తకం భాషలో మాట్లాడితే బాగా పట్టుకుంటుంది. నలుగురు ఒకేసారి మాట్లాడితే చేతులెత్తేస్తుంది. మా ఊరికి పోయినప్పుడు నెట్ లేక ఆగిపోయింది. అయినా డాక్టర్ దగ్గర, బ్యాంకులో, మామయ్య పక్కన మేము లేకపోయినా పని జరుగుతోంది, అది మాకు చాలా పెద్ద సంగతి. ఫోన్ కాల్ వచ్చినప్పుడు ఆ కాల్‌ను నా ఫోన్‌లో స్పీకర్ మీద పెట్టి, పక్కన ఆయన ఫోన్‌లో ఇది తెరుస్తాం, అమెరికాలో ఉన్న మా మరిది మాటలు చదువుకుంటాడు. లేదా వీడియో కాల్ చేస్తారు, మొహం కనబడితే ఆయనకు సగం అర్థమవుతుంది.

సౌండ్ యాంప్లిఫయర్ అని ఇంకోటి కూడా ఉంది, గూగుల్‌దే. వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఫోన్ మైకులో పడ్డది పెంచి చెవిలో వేస్తుంది. టీవీకైతే బ్లూటూత్ నెక్‌బ్యాండ్ కలిపాం, ఇప్పుడు మామయ్య వార్తలు వింటుంటే పక్కింటికి వినబడటం లేదు.

పరకాల_మిర్చిచేను · సోమవారం రాత్రి 8:30

వదినా, బాపు చదువుకోలేదు. సంతకం, అంకెలు వచ్చు, అంతే. అక్షరాలు పడితే లాభం లేదు కదా.

సుబేదారి_నర్సమ్మ · సోమవారం రాత్రి 9:00

చదువురానివాళ్లకు మేము వార్డులో చేసేది చెప్తా. స్టెతస్కోప్ తిప్పి వాడటం. చెవుల్లో పెట్టుకునే కొసలు పెద్దాయన చెవుల్లో పెట్టి, గుండె మీద పెట్టే బిళ్ల దగ్గర నువ్వు మెల్లగా మాట్లాడు. మామూలు రకం మూడు నాలుగు వందలకు మెడికల్ షాపులో దొరుకుతుంది, బ్యాటరీ లేదు, చార్జింగ్ లేదు. కొసలు ముక్కు వైపు తిరిగి ఉండేలా పెట్టాలి, వెనక్కి తిరిగితే వినబడదు. బిళ్ల మీద వేలితో తట్టొద్దు, అరవొద్దు, చెవిలో పిడుగు పడినట్టుంటుంది. రోజంతా పెట్టుకునేది కాదు ఇది. ముఖ్యమైన విషయం, లెక్కల విషయం, మందుల విషయం చెప్పేటప్పుడు పది నిమిషాలకు.

నర్సంపేట_సెల్‌పాయింట్ · సోమవారం రాత్రి 9:45

నేను మా నాయినకు ఆన్‌లైన్‌లో 1200ది తెప్పించా, బాగానే ఉంది. అన్నీ చెడ్డవి కావు, ఊరికే భయపెట్టకండి.

సుబేదారి_నర్సమ్మ · సోమవారం రాత్రి 10:10

భయపెట్టడం కాదన్నా. నీకు పనిచేస్తే సంతోషం. చాలావాటిలో వచ్చే చిక్కు ఏంటంటే మాటనూ గిన్నెల చప్పుడునూ బండి హారన్‌నూ ఒకే లెక్కన పెంచుతాయి, ఎంతవరకు పెరగాలన్న హద్దు ఉండదు, చెవికి అమరకపోతే విజిల్ వస్తుంది. ఉన్న వినికిడి కూడా దెబ్బతినొచ్చు. వాడితే సౌండ్ కింది నుంచి మొదలుపెట్టి అవసరమైనంతే పెంచు, చెవి నొప్పి, గుయ్యిమనడం వస్తే తీసెయ్.

కొనాలనుకుంటే జేబులో పెట్టుకునే డబ్బా రకం, వైరుతో ఇయర్‌ఫోన్, మైకు డబ్బాలో ఉండేది కొంచెం నయం. దాన్ని మాట్లాడేవాళ్ల ముందు పెట్టొచ్చు. మైకుకూ నోటికీ మధ్య దూరం సగమైతే మాట 6 డెసిబెల్స్ (చప్పుడును కొలిచే లెక్క) పెరుగుతుంది, చుట్టూ ఉన్న గోల మాత్రం పెరగదు. అసలు కిటుకు దగ్గరవడంలోనే ఉంది.

నర్సంపేట_సెల్‌పాయింట్ · సోమవారం రాత్రి 10:25

సరే అక్కా, ఇది నాకు తెలియదు. నాయినది రేపు చూస్తా, ఫుల్ మీదే పెట్టుకుంటాడు.

భూపాలపల్లి_టీచరమ్మ · మంగళవారం ఉదయం 7:10

పెద్దవాళ్ల సంగతే మాట్లాడుతున్నారు, పిల్లల గురించి ఒక్క మాట. నా మూడో తరగతిలో ఒక పాప పిలిస్తే పలకదు, పొగరు అనుకున్నాను, అందుకు ఇప్పటికీ బాధపడతాను. చెవి కారేది, ఇంట్లో దూది పెట్టి పంపేవాళ్లు. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం) వాళ్లు బడికి వచ్చినప్పుడు చూపిస్తే కర్ణభేరికి రంధ్రం అన్నారు. ఇలాంటి వాటికి ఆపరేషన్ ఉంటుంది, ఆరోగ్యశ్రీలో వస్తుందేమో ముందే ఆసుపత్రిలో అడగండి. ఆపరేషన్ అయ్యేదాకా పాపను ముందు బెంచీలో, బాగా వినబడే చెవి నా వైపు ఉండేలా కూర్చోబెట్టాను. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేశాను, రాయడం అయ్యాక తిరిగి చెప్తాను. దీంతో మిగతా పిల్లలకూ లాభమే అయింది.

జనగామ_మీసేవ · మంగళవారం ఉదయం 11:30

వైకల్యం సర్టిఫికెట్ సంగతి నేను చెప్తా, రోజూ అడుగుతుంటారు. ఇంతకుముందు దానికి సదరం (వైకల్యం పరీక్ష చేసే క్యాంపు) స్లాట్ మీసేవలో బుక్ చేసుకునేవాళ్లు, 2025 నుంచి యూడీఐడీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి లోపం, 70 దాటితే బధిరత్వం కింద లెక్క. ఒక చెవి మంచిగా ఉంటే కష్టం. పర్సంటేజీ సరిపడా వస్తే దివ్యాంగుల పెన్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, అది 2023లో 4,016 అయింది.

మిషన్ అసలు వద్దనుకోకండి. అరవై దాటిన పేదవాళ్లకు కేంద్రం వాళ్ల వయోశ్రీ పథకం ఉంది, 2017 నుంచి, క్యాంపులు పెట్టి చేతికర్రలు, కళ్లద్దాలతో పాటు చెవి మిషన్లు కూడా ఉచితంగా ఇస్తారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఇలాంటి సాధనాలిచ్చే అడిప్ పథకం ఉంది. క్యాంపు ఎప్పుడనేది కలెక్టరేట్‌లో వయోవృద్ధుల, దివ్యాంగుల సంక్షేమ శాఖలో అడగాలి, ఎవరూ ఇంటికి వచ్చి చెప్పరు. సికింద్రాబాద్‌లో వినికిడి లోపాలకు అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది, అది కేంద్ర ప్రభుత్వానిది, పరీక్షలు అక్కడా చేస్తారు.

కాజీపేట_కరెంట్‌పని · మంగళవారం సాయంత్రం 6:40

నేను ఎలక్ట్రీషియన్‌ని. కాలింగ్ బెల్ వినబడని ఇళ్లలో బెల్లుకు పక్కనే ఒక బల్బు హోల్డర్ కలిపి హాల్లో, మంచం ఎదురుగా పెడతాను. బయట స్విచ్ నొక్కినంతసేపు బల్బు వెలుగుతుంది. వైరు, హోల్డర్, ఎల్‌ఈడీ బల్బు కలిపి మూడు వందల లోపే. రంగు బల్బు పెడితే ఇంకా తెలుస్తుంది. సొంతంగా చేయకండి, తెలిసినవాళ్లతో చేయించుకోండి.

ఇంకోటి, చాలా ఇళ్లలో పాత ఫ్యాన్లు, కూలర్లు మొత్తుకుంటుంటాయి, మనకు అలవాటై తెలియదు. చెవి తగ్గినవాళ్లకు ఆ గోలలోనే మాట కలిసిపోతుంది. ఫ్యాన్ బేరింగులు మార్చండి. వట్టి స్లాబు గదిలో మాట మోగుతుంది, ఒక పరదా, కింద ఒక చాప, గోడకు ఒక బట్ట వేసినా తేడా ఉంటుంది. పొద్దున లేవడానికి అలారం వినబడకపోతే వైబ్రేషన్ పెట్టి ఫోన్ దిండు కింద, లేదా చేతికి కట్టుకునే బ్యాండు.

మందమర్రి_రిటైర్డ్ · మంగళవారం రాత్రి 8:00

బ్యాండు సంగతి నిజం, నాకు మా అల్లుడు తెచ్చాడు. రాత్రిళ్లు చెవిలో గుయ్యిమనే వాళ్లకు ఒక మాట, గది మరీ నిశ్శబ్దంగా ఉంటే అది ఇంకా పెద్దగా వినబడుతుంది. ఫ్యాన్ తిరుగుతుంటే, రేడియో చాలా చిన్నగా పెడితే నాకు నిద్ర పడుతుంది.

చదివే పిల్లలెవరైనా ఉంటే బరాత్‌లో, నిమజ్జనంలో డీజే డబ్బాల ముందు నిలబడి ఎగరకండి. 85 డెసిబెల్స్‌కే ఎనిమిది గంటలు హద్దు, డీజే దానికి ఎంతో పైన ఉంటుంది. నాకు బాయిలో తప్పలేదు, మీకు తప్పించుకునే దారి ఉంది.

పరకాల_మిర్చిచేను · శనివారం రాత్రి 9:15

అందరికీ దండాలు. గురువారం ఎంజీఎంకు పోయి వచ్చాం. ఎడమ చెవిలో గులిమి గట్టిగా ఉంది, చుక్కలు రాశారు, వచ్చే గురువారం తీస్తామన్నారు. కుడి చెవిలో లేదు, దానికి పరీక్ష చేస్తే 48 డెసిబెల్స్ వచ్చింది, నరం నష్టం, తిరిగి రాదన్నారు. అంటే సర్టిఫికెట్ రాదు, వయోశ్రీ క్యాంపు గురించి సోమవారం కలెక్టరేట్‌లో అడుగుతా.

నిన్న స్టెతస్కోప్ తెచ్చా, 350. అక్క చెప్పినట్టే పెట్టి బిళ్ల దగ్గర మెల్లగా ‘బాపూ, మార్కెట్‌ల ఏమైంది, మొత్తం చెప్పు’ అన్నాను. ఫిబ్రవరి నుంచి ఆయన ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి నా మొహం చూసి, ‘మెల్లగనే మాట్లాడుతున్నవ్ గద బిడ్డా, అరుస్తలేవు’ అన్నాడు. తర్వాత గంటసేపు చెప్పాడు, ఖరీదుదారు ఎక్కడ నిలబడ్డాడు, పక్కన హమాలీలు ఎట్లా అరుస్తున్నారు, ట్రాక్టర్ ఇంజన్ ఆపలేదని, అన్నీ. మా అమ్మ కూడా ఆ బిళ్ల పట్టుకుని ఏదో చెప్పింది, నాకు వినబడలేదు, ఇద్దరూ నవ్వారు.

ఇకనుంచి ధర దగ్గర ‘నాకు తక్కువ వినబడుతది, కాయితం మీద రాసి చూపియ్యి’ అని ముందే అడగాలని అనుకున్నాం. అంకెలు వచ్చు కదా. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు, పెన్ను పెట్టాను. నలుగురిలో ఆ మాట చెప్పుకోవడం నామోషీ అన్నాడు మొదట, మందమర్రి కాక రాసింది మొత్తం చదివి వినిపిస్తే, ‘సింగరేణిల చేసినాయనకు కూడా గిట్లనేనా’ అని అడిగి, సరే అన్నాడు.

కాజీపేట అన్నా, ఆ బల్బు మా ఇంటికి కూడా కావాలి. ఫ్యాన్ కూడా గరగరమంటోంది.

మందమర్రి_రిటైర్డ్ · శనివారం రాత్రి 9:40

మీ బాపును అడిగానని చెప్పు తమ్ముడూ. వీడియో కాల్ చేయి, పెదాలు చూసుకుని ఇద్దరం మాట్లాడుకుంటాం.

కాజీపేట_కరెంట్‌పని · శనివారం రాత్రి 10:05

రేపు మధ్యాహ్నం పరకాల వైపే పని ఉంది, ఊరి పేరు మెసేజ్ చేయండి. హోల్డర్ కొనకండి, నా దగ్గర ఉంది. బల్బు మాత్రం ఎరుపుదా ఆకుపచ్చదా మీ బాపునే అడిగి చెప్పండి.